పిలుపులమ్మ బండ

పూర్వం ఎర్రబోడు కొండల్లో, మబ్బులు దిగివచ్చి మనుషుల భుజాలు తాకే సీమలో, పిట్టలవేటతో బ్రతికే ఈదమ్మ అనే ముదుసలి ఉండేది. ఆమె గూటిలో సాకిన కౌజుపిట్ట గొంతెత్తితే, అడవి కౌజులు తోడు దొరికిందని మైమరచి వచ్చి ఉచ్చుల్లో చిక్కేవి. వాటి మాంసం కోటలో విందులకూ, బాలింతల పథ్యానికీ, వైద్యుల లేహ్యాలకూ అమ్ముడయ్యేది. ఇంటికి అన్నం పెట్టే పిలుపుపిట్టను మాత్రం బిడ్డగా ఎంచి, చస్తే పాతిపెట్టి స్నానం చేయడమే తప్ప, దానికి కత్తి తాకించకపోవడం ఆ వేటగాళ్ళ కట్టడి.

అమ్మకాలు పెరిగి కొండలు మూగవోయిన ఏడు, ఈదమ్మ కూతురు బయ్యక్క ప్రసవించింది. జ్వరం తగిలి పాలు ఇంకిపోయి, పసికందు ఏడ్చే ఓపికైనా లేక వాడిపోతుంటే, కౌజు రసం తాగితేనే పాలు పడతాయన్నాడు వైద్యుడు. ఈదమ్మ ఉచ్చులు పన్నింది. పిట్ట పిలిచింది, పిలిచింది; కొండ బదులు పలకలేదు.

"అడవినంతా అంగట్లో పోసొచ్చి, ఇప్పుడు ఎవర్ని పిలిపిస్తావే?" అని దెప్పిన ఈదమ్మ మొగుడు ఎంగన్న, గూటివైపు చూసి గొంతు తగ్గించాడు. "ఉన్నదొక్కటే గదా..."

"దాని మెడ విరిచిన చేత్తో బిడ్డకు కూడెట్టా పెడతాను మావా?"

"పెట్టకుండా చంపుకుంటావా మరి?"

ఆమె గూడు చంకనబెట్టుకొని, మంచు పాలనురుగులా పరచుకొన్న వేకువలో కొండెక్కింది; కత్తి తీసింది గానీ చెయ్యి లేవక, గూటి తలుపు తీసేసింది. పిట్ట తుర్రుమన్నాక కూతురి ముఖం కళ్ళల్లో మెదిలింది. "అయ్యో, ఎంత పని చేస్తిని!" అనుకొని, దాని కూతను తానే కూస్తూ, మళ్ళీ పట్టాలని మంచులో పడి పరుగెత్తింది. అది బదులిచ్చేది, ఈమె అటు నడిచేది. ఎవరు ఎవరిని పిలుస్తున్నారో, నడిచేది నేలమీదో మబ్బుమీదో ఆమెకు తెలియలేదు.

కడకు ఆ పిలుపు ఒక నల్లబండ దగ్గర ఆగింది. పిట్ట లేదు; బండ మొదట్లో పిట్ట కాళ్ళతో గీరిన మట్టిలో పిల్లపీచర తీగ గడ్డలు తెల్లగా, బొద్దుగా బయటపడి ఉన్నాయి. ఉచ్చులకు అడ్డమని ఆ ముళ్ళతీగను ఎన్నిసార్లో నరికిన ఈదమ్మ, ఇది కొండతల్లి చూపిన మందేనని గడ్డలను ఒడికెత్తుకొని పోయి, దంచి, మేకపాలలో కాచి కూతురికి తాపింది. పొద్దు వాలేసరికి జ్వరం జారింది, రొమ్ములు చేపుకొచ్చాయి, పసికందు గుటకల చప్పుడుతో గుడిసె నిండింది.

పిట్టగొంతుతో పిలిచింది దేవతేనని వారు ఆ బండకు పసుపు పూసి, పిలుపులమ్మగా కొలిచారు. నేటికీ ఆ కొండమీద ఉచ్చు పన్నరు. పాలు పడని బాలింతలకు అక్కడి ప్రసాదం పిల్లపీచర గడ్డే. దాన్ని తవ్వబోయే వేటగాడు ముందు కౌజులా కూత పెడతాడు. మంచులో ఏ పక్కనుంచి బదులొస్తే ఆ పక్కకే, ఉచ్చూ కత్తీ లేని వట్టి చేతులతో నడుస్తాడు.