అలుపమ్మ సగమాకు నోము

శ్రాంతుడను ముని విశ్రాంతుడను మునిని సమీపించి, విధి మెడబట్టి ఈడ్చుకొనిపోయిన చావును వీరమనవచ్చునా, త్యాగమునకు గుర్తేమి అని అడిగెను. విశ్రాంతుడు నడుము వాల్చి ఇట్లు చెప్పెను.

గుండ్లదుర్గమును బొల్లమరాజు ఏలుచుండెను. ఏటేటా కనుమదారిని దోపిడిమూకలు వచ్చుచుండెను. రాజు కొలువు నడుమ పళ్ళెములో ఒక విడెము పెట్టించును. ఆ విడెము పట్టినవాడు కనుమలో ఒంటరిగా మూకలకు ఎదురు నిలిచి ప్రాణము విడువవలెను. మూడేండ్లలో ముగ్గురు విడిచిరి. రాజు మూడు వీరగల్లులు నాటించి, వారి ఇండ్ల గడప తొక్కక మరచెను.

నాలుగవ ఏట కావడి నీలయ్య, తెల్లవారినది మొదలు కొలువుకు నీళ్ళు మోసి మోసి నోరు పిడచగట్టి, భోజనము పిమ్మట పంచు తాంబూలమనుకొని ఆ ఆకును నోట వేసికొనెను. వెంటనే బూరలు మ్రోగెను. జనులు జేజేలు పలికిరి. తాను నమిలినది ఆకే గాని ఆన గాదని అతడెంత మొత్తుకొన్నను రాజు వినడాయెను.

భార్య ఎర్రక్క పరుగెత్తి వచ్చెను.

"ఏమి మామా, ముప్పై ఏండ్లు భుజం అరగదీసింది చాలక మెడ కూడా ఇస్తివా?"

"నేను వక్కను చూస్తిని, వాళ్ళు ఒక్కణ్ణి చూసుకున్నారే" అనెను నీలయ్య.

అలవాటుకొద్దీ కావడి భుజాన వేసికొనియే అతడు చావుకు బయలుదేరెను. కనుమ మొదట ఒక ముసలమ్మ దప్పి యనగా దించి నీళ్ళు పోసెను. ఆమె అలసినవారి దేవత యగు అలుపమ్మ తల్లి.

"ఇష్టపడే వస్తివా, నాయనా?"

"లేదమ్మా. పొరపాటుపడి వస్తి."

దేవి నిట్టూర్చెను. అడుగక పుచ్చుకొన్న ప్రాణము త్యాగము గాదనియు, ముందు వచ్చిన ముగ్గురును అట్లు అడుగబడని అలుపుతోనే రాళ్ళక్రింద నిదురలేక యున్నారనియు, పంపువాడు సగమాకు తాను నమిలి, తానును వెంట నిలుతునని తక్కిన సగము చేతికిచ్చి, ఇష్టమా అని ముమ్మారు అడుగవలెననియు చెప్పి మాయమయ్యెను.

నీలయ్య మరలివచ్చి విన్నవింపగా రాజు పిరికిపంద యని నవ్వెను. ఆ నవ్వు ముగియకమునుపే బావులెండెను. కోటగోడ కూలెను, కట్టుటకు కూలి రాడాయెను. రాజు బెదరి, ముగ్గురు వీరుల భార్యల కాళ్ళు కడిగి మన్నింపు వేడెను. సగమాకు నమిలెను. తక్కిన సగము చూపి, ఇది చావుకు పిలుపని చెప్పి, నీలయ్యను మూడుమారులడిగెను.

"వద్దని చెప్పు మామా. ఎవరేమంటారో నేను చూస్తా" అనెను ఎర్రక్క.

నీలయ్య అరిగిన భుజము తడుముకొనెను. ఒళ్ళంతయు నొప్పిగా నుండెను. వద్దన్నను ఎవరును ఏమియు అనరని అతనికి తెలిసెను.

"ఇప్పుడు అడిగితివి గదా దొరా. వస్తా" అని అందుకొనెను.

కావడివాని ప్రక్కన రాజు నిలుచుట చూచి, ఊరివారెల్లరు తమ తమ ఆకులు తాము తెచ్చుకొని కనుమ నిండిరి. మూకలు మరలిపోయెను. బావులూరెను. నీలయ్య ఇంటికి పోయి రెండు దినములు నిదురించెను, ఎవరును లేపరైరి.

ఈ నోమును దండు నడుపువారు, ఇంటి పెద్దలు, కోడలిచేత చాకిరి చేయించు అత్తలు, పరుల ప్రాణముతో పనిగల వారెల్లరు నోచవలెను. నోచినవారికి ఎండని బావియు, కూలని గోడయు, కలతలేని నిదురయు కలుగును. కథలో మాట తప్పినను దోషము లేదు, అడుగుట తప్పరాదు.