చేతులు తోమే మట్టి

పిల్లల్ని చూసుకునే శిష్యుడు శితికంఠుడికి ఆ పిల్లంటే భయం పట్టుకుంది.

కొండమీది ఆశ్రమ పాఠశాలలో అందరికన్నా చిన్నది నీలవేణి. తల్లీతండ్రీ లేరు. నిద్రలో పళ్లు పటపటా కొరికేది. మెలకువగా ఉంటే గోడమట్టి గిల్లి తినేది. ఒకరోజు పొద్దున్నే వాంతి చేసుకుంటే జానెడు పొడవున తెల్లటి పురుగు నేలమీద పడి మెలికలు తిరిగింది. చూసిన పిల్లలు కెవ్వుమన్నారు.

బస్తీ ఆస్పత్రిలో కడుపులో పురుగులు పోయే మందిచ్చారు. పిల్ల తేరుకుంది. అయితే కొన్ని నెలలకే మళ్లీ పొట్ట ఉబ్బింది. మళ్లీ పళ్లు కొరకడం మొదలైంది.

"గురువుగారూ, మందుకు పోయింది తిరిగొచ్చిందంటే ఇది పురుగు కాదు. దానికేదో గాలి సోకింది. మిగతా పిల్లలకూ అంటుతోంది. దాన్ని పంపేద్దాం" అన్నాడు శితికంఠుడు.

"ఎక్కడికి?" అన్నాడు ముసలి గురువు.

శిష్యుడు వేరే మాట ఎత్తుకున్నాడు. "మన దగ్గర శుభ్రానికేం లోటండీ? దొడ్డికెళ్లొచ్చిన ప్రతి బిడ్డా మట్టితో చేతులు తోముకోవాల్సిందే. నేనే దగ్గరుండి తోమిస్తాను. నేనూ తోముకుంటాను." ఆ నియమం పెట్టింది అతనే. దాని మాటెత్తితే చాలు, మెడ బెత్తెడు పొడుగయ్యేది.

"ఆ మట్టి ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"పిల్లలు దొడ్డికెళ్లే దిబ్బ ఉంది కదా, దాని దిగువన. వానకు కొట్టుకొచ్చి, పిండిలా మెత్తగా ఉంటుంది."

గురువు ఇంకేమీ అడగలేదు. ఆ మట్టినే ఒక మూకుడులో పోసి, శిష్యుడి గదిలో కిటికీ పక్కన పెట్టించాడు. "రోజూ కాసిని నీళ్లు చల్లు. ఇంకేమీ వెయ్యకు. గదికి తాళం వేసుకో. ఆ పిల్ల సంగతి తరవాత చూద్దాం" అన్నాడు.

ఎందుకో తెలియదు, ఆ మూకుడు వచ్చినప్పటి నుంచీ గదిలో తనతోపాటు ఇంకెవరో ఉన్నట్టు అనిపించేది శితికంఠుడికి. ఒక ఉదయం చూస్తే మట్టి పగిలి ఉంది. పగుళ్లలోంచి తెల్లగా, సన్నగా, మెడలు వంచుకుని ఏవో పైకి లేస్తున్నాయి. వెనక్కి గెంతాడు.

మర్నాటికి వాటికి ఆకులు విచ్చుకున్నాయి. భయం భయంగా ఒకటి నలిపి వాసన చూశాడు. టమాటా.

మూకుడు పట్టుకుని గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"నేనేమీ వెయ్యలేదండీ! గదిలోకి ఎవరూ రాలేదు. ఈ కొండమీద ఎక్కడా టమాటా మొక్కే లేదు. బస్తీ నుంచి తెచ్చిన పళ్లా, పిల్లలు ఒక్కటీ వంటకు మిగల్చకుండా కొరుక్కు తినేస్తారు..."

పిల్లలు వెళ్లే దిబ్బా, దాని దిగువన తను మట్టి తవ్విన చోటూ అతనికి గుర్తొచ్చాయి.

గురువు మొలకల మీదికి వంగి చూశాడు.

"నీలవేణిని పంపేయమన్నావు. ఇప్పుడు ఎవర్ని పంపుదాం?"

శితికంఠుడు తన చేతులకేసి చూసుకున్నాడు. ఇందాకే శ్రద్ధగా తోముకున్న చేతులు. గోళ్ల సందుల్లో ఆ మట్టే ఉంది.

కడుపులో ఏదో మెల్లగా కదిలింది.