టోఫు అంటే ఏమిటో తెలియని ఇల్లు

అనగా అనగా, మీ తాతలకు తాతలు ఇంకా ఉయ్యాల కూడా ఎక్కని రోజుల్లో, సముద్రపు ఒడ్డున గవ్వలపాలెం అని ఒక రేవు ఊరు ఉండేది. ఆ రోజుల్లో పిల్లులూ కొంగలూ ఎలుకలూ మనుషులతో మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, మనకే తీరిక లేదు.

ఆ ఊళ్లో బంగారయ్య అనే వడ్రంగి పడవలు చేసేవాడు. అతని తల్లి పేరు సూరమ్మ. భార్య పేరు వరాలు. వరాలు పుట్టగానే వాళ్లమ్మ పోయింది. తల దువ్వి జడ వేసే చెయ్యి ఎలా ఉంటుందో ఆ పిల్లకు అత్తగారింటికి వచ్చాకే తెలిసింది.

ఇల్లు మంచిదే. గొడవల్లా కూటి దగ్గరే.

సూరమ్మకు పళ్లు లేవు. మెత్తగా ఉంటేనే ముద్ద దిగుతుంది. బంగారయ్యకేమో పంటి కింద కరకరమనకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. మెత్తగా వండితే కొడుకు కంచం తోసేవాడు. గట్టిగా వేయిస్తే తల్లి కంచం తోసేది.

"ఇవి వేపుడు ముక్కలా, పడవ మేకులా?" అనేది సూరమ్మ.

"ఇది కూరా, పసిపిల్లలకు పెట్టే గుజ్జా?" అనేవాడు బంగారయ్య.

చివరికి ఒకనాడు సూరమ్మకు విసుగెత్తింది. అరుగు మీద కొత్త కుంపటి పెట్టి మట్టితో మెత్తింది. "ఈ పూట మీతో కలిసి తింటాను. తిన్నాక నా నిప్పు నేను తీసుకుంటాను" అంది.

వేరు కుంపటికి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. అందరూ కలిసి ఆఖరి భోజనం చెయ్యాలి. ఆపైన పాత పొయ్యిలో నిప్పు తీసి కొత్త కుంపట్లో వేసుకోవాలి. అలా విడిపోయిన నిప్పును మళ్లీ కలపరు.

వరాలు ఆ కొత్త కుంపటి వంక చూసింది. అత్త పక్కన లేకుండా పొయ్యి ముందు ఒక్కతే ఎలా కూర్చుంటుంది? ఈ పూట వంట ఇద్దరికీ నచ్చాలి. నచ్చకపోతే ఇల్లు రెండవుతుంది.

సాయంత్రం బంగారయ్య ఒక కుండ తెచ్చాడు. కుండలో నీళ్లు, నీళ్లలో తెల్లని దిమ్మ. తూర్పు దీవుల ఓడవాళ్లకు చుక్కాని బాగుచేస్తే ఇచ్చారట.

"ఏమిటయ్యా ఇది?" అని అడిగింది వరాలు.

"టోఫు అన్నారు."

"టోఫు అంటే?"

"టోఫు అంటే టోఫే. వాళ్ల భాష నాకేం తెలుసు? చిక్కుడు గింజలు చూపించారు. పాలు పితికినట్టు చేతులు ఊపారు. చిక్కుడుకాయకు పొదుగు ఎక్కడుంటుంది? నేను తల ఊపి వచ్చేశాను."

"ఎలా వండాలో అడగలేదా?"

"అడిగితే చులకనైపోమూ?"

ఆ ఇంట్లో అదొక పట్టింపు. దేన్నీ తెలియదనకూడదు, ఎవరినీ అడగకూడదు. "వంట అడిగి చేసే కోడలూ, దారి అడిగి ఓడ నడిపే సరంగూ ఒకటే" అనేది సూరమ్మ. అందుకని వరాలు అత్తను అడగలేదు. తెలిసిన కూరలేవీ ఇద్దరికీ నచ్చలేదు, ఇదైనా నచ్చుతుందేమోనని కుండ పట్టుకుని వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

దిమ్మను ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఏమీ పాలుపోలేదు.

గూట్లో పడుకున్న పిల్లి ఒక కన్ను తెరిచింది. "అది వెన్న. తరతరాలుగా వెన్న ఎరిగిన వంశం మాది. సన్న సెగ మీద కాచు" అంది.

వరాలు ఒక ముక్క కోసి గిన్నెలో వేసి కాచింది. ముక్కలోంచి నీళ్లు వచ్చాయి, ఇంకా నీళ్లు వచ్చాయి. నెయ్యి వాసన మాత్రం రాలేదు. చివరికి ముక్క గిన్నెకు అంటుకుని మాడింది. పిల్లి మూతి పెట్టి చూసి, "గేదె మంచిది కాదు" అని మళ్లీ పడుకుంది.

పెరట్లోంచి కొంగ తొంగి చూసింది. "తెల్లగా ఉన్నవన్నీ నీటివే. నన్ను చూడరాదూ? నీళ్లలో వేసి ఉడికించు" అంది.

వరాలు ఇంకో ముక్క నీళ్లలో ఉడికించింది. ఎలా వేసిన ముక్క అలాగే వచ్చింది.

"ఉడికిందంటావా?" అని అడిగింది వరాలు.

"ఉడికినట్టే ఉంది" అంది కొంగ. కాసేపు చూసి, "ఉడకనట్టూ ఉంది" అని కాలు మార్చుకుంది.

అప్పుడు కన్నంలోంచి ఎలుక వచ్చింది. "అది గారె. నూనెలో వెయ్యి. గారె సంగతి మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మా తాత గారె కోసమే బోనులో ప్రాణం విడిచాడు" అంది.

వరాలు మూకుడులో నూనె కాచి, నీళ్లలోంచి ముక్క తీసి తీసినట్టే వేసింది. నూనె టపటపా పేలింది. ఆమె చేతి మీద చిట్లింది. ముక్క మూకుడుకు అతుక్కుని, గరిటె పెడితే తునకలైపోయింది. ఎలుక అప్పటికే కన్నంలో ఉంది. "గారె అలిగింది" అని లోపలినుంచే చెప్పింది.

దిమ్మ సగమైంది. పొద్దు వాలిపోతోంది.

వరాలు పీట మీద కూలబడింది. వెన్న అంటే కరగలేదు. నీటిది అంటే మారలేదు. గారె అంటే పేలింది. ఇంతకీ ఇదేమిటి? పిల్లికీ తెలియదు, కొంగకూ తెలియదు, ఎలుకకూ తెలియదు. కానీ తెలియదన్న మాట ఒక్కటీ అనలేదు. ఆలోచిస్తే, తనూ అనలేదు.

మిగిలిన దిమ్మను పళ్లెంలో పెట్టుకుని అరుగు మీదికి వచ్చింది.

"అత్తమ్మా, నాకు తెలియడం లేదు. ఇది ఏమిటో తెలియదు, ఎలా వండాలో తెలియదు" అంది.

పక్కనే చెక్క చెక్కుతున్న బంగారయ్య ఉలి కింద పెట్టాడు. ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. సూరమ్మ కోడలి మొహం చూసింది, తర్వాత చెయ్యి చూసింది.

"కాలిందా?"

"కొంచెం."

"ఇలా కూర్చో."

పళ్లు లేనివాళ్లు దేన్నైనా ముందు వేలితో నొక్కి చూస్తారు. సూరమ్మ దిమ్మను నొక్కింది. వేలి చుట్టూ నీళ్లు ఊరాయి.

"ఒసేవ్, ఇది నీళ్లు తాగి కూర్చుందే. తడి అప్పడాన్ని నూనెలో వేస్తామటే?"

"మరి నీళ్లు ఎలా తియ్యడం?"

సూరమ్మ దిమ్మను ఇంకోసారి నొక్కి చూసింది. "నాకూ తెలియదే" అంది మెల్లగా.

బంగారయ్య గొంతు సవరించుకున్నాడు. "పడవ సందుల్లో కూరే నారను మేం రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కి పిండుతాం. దీనికి పనికొస్తుందో లేదో మరి, నేనూ చెప్పలేను."

చూద్దామన్నారు. దిమ్మను పాత గుడ్డలో చుట్టి రెండు చెక్కల మధ్య పెట్టారు. పైన రుబ్బురోలు పొత్రం ఉంచారు. నీళ్లు కారాయి, కారాయి, ఆగాయి. వరాలు దిమ్మను ముక్కలు కోసి, ఒక్కోటీ తుడిచి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి బియ్యప్పిండిలో దొర్లించింది. కాగిన నూనెలో కొన్నికొన్నిగా వేసింది. ఈసారి నూనె పేలలేదు, సుయ్యిమంది. ముక్కలు బంగారు రంగుకు వచ్చేదాకా గరిటె పెట్టలేదు.

ముగ్గురికీ కంచాలు పెట్టింది. వేడి అన్నం, చారు, ఆ ముక్కలు. అంతే.

బంగారయ్య కొరికాడు. కరకరమంది. సూరమ్మ అనుమానంగా ముక్కను వేళ్లతో విరిచింది. లోపల తెల్లగా, మెత్తగా ఉంది. చారన్నంలో కలుపుకుని నోట్లో పెట్టుకుంది.

"గట్టిగా ఉంది" అన్నాడు బంగారయ్య.

"మెత్తగా ఉందిరా" అంది సూరమ్మ.

"అమ్మా, కరకరలాడుతోంది."

"నీ మొహం, వెన్నలా జారుతోంది."

మళ్లీ మొదలైందనుకుని వరాలు గరిటె గట్టిగా పట్టుకుంది. ఇంతలో రెండు కంచాలు ఒకేసారి ముందుకొచ్చాయి.

"ఇంకో రెండు వెయ్యి" అన్నారు ఇద్దరూ.

తినడం అయింది. చేతులు కడుక్కున్నారు. వరాలుకు అడగాలంటే భయం, అడగకుండా ఉండాలంటే భయం. చివరికి, "నిప్పు తియ్యనా అత్తమ్మా?" అంది.

"ఈ వేళప్పుడు నిప్పెందుకే? త్వరగా పడుకో" అంది సూరమ్మ. "తెల్లారగానే ముగ్గురం ఆ ఓడ దగ్గరికి పోవాలి. చిక్కుడు గింజకు పాలు ఎలా పితుకుతారో అడగాలి. నాకు తెలియదు, నీకు తెలియదు, వీడికి అసలే తెలియదు."

పిల్లలూ, తెలియదని చెప్పడానికి సిగ్గుపడితే వంటా చెడుతుంది, ఇల్లూ చెడుతుంది.