తాబేలుకు ఎలాంటి గూడు?

తుమ్మలకోన అడవిలో నక్కలు, ముంగిసలు, తాబేళ్ళు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. అక్కడి గిజిగాళ్ళు ఒక గూళ్ళ కంపెనీ పెట్టుకున్నాయి. ఎవరు ఏది అడిగితే అది అల్లి ఇచ్చేవి. ఆ ఏడు వాటికి ఒక ప్రొడక్ట్ మేనేజర్ కావలసి వచ్చింది. ఆ ఉద్యోగానికి అల్లిక రాకపోయినా ఫరవాలేదు. ఎవరికి ఏం అల్లాలో తేల్చి చెప్పాలి, అంతే. అంతే అన్నాయి గానీ, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఒక ముంగిస ఆ ఉద్యోగం మీద ఆశ పెట్టుకుంది. పాములతో పోట్లాడి పోట్లాడి దానికి విసుగొచ్చింది. కిందటేడు కాటు తప్పించుకోబోతే వెనక కాలు బెణికింది. ఇంకా కుంటుతూనే ఉంది. ఇప్పటికే చీమల దగ్గరికి, తేనెటీగల దగ్గరికి, చెదపురుగుల దగ్గరికి ఇంటర్వ్యూకి వెళ్ళి వచ్చింది. మూడు చోట్లా "కబురు చేస్తాం" అన్నాయి. ఏ కబురూ రాలేదు. ఇదీ పోతే మళ్ళీ పాముల వెంట పడాల్సిందే.

చెట్టు కింద దాని పక్కనే నక్క కూర్చుని ఏదో వల్లె వేస్తోంది.

"ఏమిటి చదువుతున్నావు, నక్కబావా?"

"జవాబులు. యాభై కంఠతా పట్టాను. ఏం అడిగినా వాటిలో ఒకటి సరిపోతుంది."

"ప్రశ్న వినకముందే జవాబెలా తెలుస్తుంది?" అంది ముంగిస. దానికి నిజంగానే తెలుసుకోవాలనిపించింది. నక్క జాలిగా నవ్వింది.

పెద్ద గిజిగాడు రెండింటినీ ఒకేసారి పిలిచి ఒకే ప్రశ్న వేసింది. "తాబేలుకు ఎలాంటి గూడు అల్లాలి?"

నక్క ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది. "మూడు గదుల గూడు. ఎత్తు కొమ్మకు వేలాడదీయాలి. పైన తాటాకు, లోపల మెత్తటి దూది."

"తాబేలు కొమ్మ ఎక్కేదెలా?"

"అది తాబేలు చూసుకోవాలి."

గిజిగాళ్ళు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

ముంగిస వంతు వచ్చింది. "నాకు తెలియదండీ. తాబేలునే అడిగి వస్తాను" అంది. నక్క కిసుక్కున నవ్వింది. పెద్ద గిజిగాడు మాత్రం, "పొద్దు వాలేలోగా రా" అంది.

ముంగిస కుంటుకుంటూ వాగు ఒడ్డుకు వెళ్ళింది. దాన్ని చూడగానే తాబేలు తల లోపలికి లాక్కుంది.

"అవ్వా, నీకెలాంటి గూడు కావాలి?"

"వీపు మీద ఇల్లుంటే గూడెందుకే నాకు?" అంది తాబేలు డొప్పలోంచే.

"మరి నీకున్న ఇబ్బందేమిటి?"

"ఏటా ఇసుకలో గుడ్లు పెడతాను. ఏటా తవ్వుకు తింటారు. ఎవరో నీకు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆ గుడ్ల రుచి ముంగిసకి బాగా తెలుసు. సిగ్గుతో దాని తల వాలిపోయింది. ఈ మాట చెబితే తనకు ఉద్యోగం ఇస్తారా అని దారి పొడుగునా మథనపడింది. తాబేలు గూడే కావాలందని చెప్పేస్తే పోలా అనుకుంది. కానీ అక్కర్లేని గూడు అల్లించి ఏం లాభం?

తిరిగి వచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది. "దానికి గూడు వద్దండీ. గుడ్ల మీదికి మూత కావాలి. వాటిని తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను."

"ఆ మూత ఎలా ఉండాలి?" అని మెల్లగా అడిగింది పెద్ద గిజిగాడు.

"నేను ముందు మూతి పెట్టి, తర్వాత గోళ్ళతో తవ్వుతాను. కాబట్టి తుమ్మముళ్ళు పైకి నిలబడేలా అల్లాలి. పిల్లలు లోపలి నుంచి నెడితే మాత్రం తెరుచుకోవాలి."

గిజిగాళ్ళు అప్పటికప్పుడు అల్లి ఇసుక మీద పరిచాయి. ముంగిస ఓపికున్నంతసేపు తవ్వి చూసింది. మూతి నిండా ముళ్ళు దిగాయి గానీ మూత కదల్లేదు. ఉద్యోగం దానికే వచ్చింది. నక్క యాభై ఒకటో జవాబు కంఠతా పట్టుకుంటూ ఇంకో చోటికి బయలుదేరింది.

వానలు పడ్డాక తాబేలు పిల్లలు మూత నెట్టుకుని బయటికొచ్చి, బుడిబుడి నడకలతో వాగులోకి దిగాయి. ఒడ్డున నిలబడి చూస్తున్న ముంగిసకి చెప్పలేనంత సంతోషం కలిగింది. తాబేలు దాని వైపు తిరిగింది. ఈసారి తల లోపలికి లాక్కోలేదు.

నీతి: ఎదుటివారికి ఏం కావాలో వారినే అడగాలి, వారి జవాబు మన తప్పునే చూపించినా దాచకూడదు.