గంధయ్య రుద్దిన గుర్తు

అనగనగా ఒక అడవిలో, వాన వెలిశాక కూడా చెట్లు చాలాసేపు కురుస్తూనే ఉండే అడవిలో, గంధయ్య అనే పునుగుపిల్లి ఉండేవాడు. "ఈ అడవంతా కళ్ళు మూసుకుని తిరగగలను," అనేవాడు. అంటూనే వెళ్ళి పనసచెట్టుకు గుద్దుకునేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పకండేం. పాపం, ముక్కు ఇంకా వాచే ఉంది.

రాత్రయితే నిద్రపోయే ఉడుతలకు చీకట్లో అడవిని చూపించడం గంధయ్య పని. ఉడుతలు ఒకరి తోక ఒకరు పట్టుకుని వరసగా నడవాలి. అందరికన్నా ముందు గంధయ్య. ఎక్కడైనా వింత కనబడితే, మర్నాడు మళ్ళీ దొరకాలని అక్కడి కొమ్మకు తన పునుగు రుద్దేవాడు. పునుగంటే అతని ఒంట్లో ఊరే ఘాటైన వాసన.

ఒక రాత్రి, మడుగు మీదికి వంగిన ఆకు కింద నురగ గూడు కనబడింది. అందులో చెట్టుకప్ప చినుకమ్మ గుడ్లున్నాయి. గంధయ్య కొమ్మ దగ్గరికి జరిగాడు.

"రుద్దకు అన్నా. ఆ వాసన పట్టుకుని పాము వస్తుంది," అంది చినుకమ్మ.

అలాగేలేమ్మా అన్నాడు. ఆమె అటు తిరగగానే రుద్దేశాడు.

రెండో రాత్రి ఇంకా ఎక్కువమంది ఉడుతల్ని తెచ్చాడు. చినుకమ్మకు ఒళ్ళు మండిపోయింది. మాటిచ్చి తప్పుతావా అని కడిగేసింది. గంధయ్య ఏం చేశాడనుకున్నారు? ఉడుతల వైపు తిరిగి, "చూశారా, కప్పకు కోపమొస్తే ఒళ్ళెలా ఉబ్బుతుందో," అన్నాడు. ఉడుతలు కిచకిచ నవ్వాయి. పిల్లల కోసం అరిచే తల్లి వాళ్ళకు తమాషా అయింది. వెళ్తూ వెళ్తూ గంధయ్య ఇంకోసారి రుద్దాడు.

మూడో రాత్రి వాళ్ళకంటే ముందే పాము వచ్చింది. కొమ్మకొమ్మకూ వాసన చూసుకుంటూ తిన్నగా గూటి దగ్గరికే వచ్చింది. చినుకమ్మ రెండు కాళ్ళతో ఆకును తన్నింది. ఎదిగిన పిల్లలు మడుగులో రాలి ఈదుకుపోయాయి. ఎదగనివి పాము నోట్లోకి పోయాయి.

పాము వెళ్ళాక గంధయ్య ఉడుతలతో వచ్చి, గూడేదని అడిగాడు. ఇంతలో వాన దంచి కొట్టింది. రుద్దిన గుర్తులన్నీ కడుక్కుపోయాయి. ఇళ్ళకు ఇది దగ్గరదారి అంటూ గంధయ్య ఉడుతల్ని తిప్పాడు. తిరిగి తిరిగి మళ్ళీ మడుగు దగ్గరికే వచ్చాడు. పిల్ల ఉడుతలు ఏడుపు అందుకున్నాయి.

"దారి చూపడం నీకు బాగానే వచ్చు కదన్నా," అంది చినుకమ్మ. "పాముకు చూపించావుగా."

తర్వాత ఉడుతల్ని తన వెనక రమ్మంది. గంధయ్యను రమ్మనలేదు. అయినా అతను చివరి ఉడుత తోక పట్టుకుని నడిచాడు. నిన్న నవ్విన ఉడుతల్ని చినుకమ్మ ఒక్కొక్కటిగా గూళ్ళకు చేర్చింది. ఆఖరికి ఒక తొర్ర ముందు ఆగింది. గంధయ్య ఆ తొర్రను దాటి పోతున్నాడు.

"ఎక్కడికి? ఇది నీ ఇల్లే. అంత చెప్పినా నా కొమ్మకు ఎందుకు రుద్దావు?"

గంధయ్య తల దించుకున్నాడు. "నాకు దారులు గుర్తుండవు చెల్లీ. వాసన లేకపోతే నా ఇల్లే నాకు దొరకదు. ఉడుతల ముందు ఆ మాట అనలేకపోయాను."

చినుకమ్మ ఓదార్చలేదు. మిగిలిన పిల్లల కోసం మడుగు వైపు గెంతింది.

నీతి: తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, పక్కవాళ్ళ గూటి మీదికి పామును తేకండి.