తిప్పన్న మొహం మీద పడిన వెలుగు

రుద్రప్పకు మఠంలో ఒకటే బెంగ. కొత్తగా చేరిన తిప్పన్న దొంగ శిష్యుడని.

తిప్పన్న మొన్నమొన్నటిదాకా పశువుల సంతలో దళారి. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరాలు కుదురుస్తూ, అమ్మేవాడికో మాట, కొనేవాడికో మాట చెప్పి బతికినవాడు. అటువంటివాడికి ధ్యానం కుదురుతుందంటే ఎవరైనా నమ్ముతారా? రుద్రప్ప అస్సలు నమ్మలేదు.

గుట్ట మీది ఆ మఠంలో ఒక కట్టడి ఉంది. చీకటి పడగానే అందరూ ముంగిట్లో ఎదురెదురుగా రెండు వరుసల్లో కూర్చుని కళ్ళు మూసుకోవాలి. మఠాధిపతి సిద్ధరామస్వామి గంట కొట్టేదాకా తెరవకూడదు.

తిప్పన్నది ఎదుటి వరుస. వాడు కళ్ళు తెరుస్తున్నాడని రుద్రప్పకు గట్టి అనుమానం. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! వాణ్ణి పట్టుకోవడానికి పాపం తనే రోజూ ఒక కన్ను ఓరగా తెరిచి ఉంచేవాడు.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి ముంగిలంతా పట్టపగలైపోయింది. తిప్పన్న మొహం మీద ఆకుపచ్చ వెలుగు పాకింది. వాడి కళ్ళు రెండూ బార్లా తెరుచుకున్నాయి, నోరు కూడా.

దొరికాడు దొంగ! అనుకున్నాడు రుద్రప్ప. ఆ వెలుగేమిటో చూద్దామని తల తిప్పితే, ఈలోగా వాడు కళ్ళు మూసేసి బుకాయిస్తాడేమో! అందుకని చూపు పక్కకు తిప్పనే లేదు. వెలుగు పోయింది. కొండల అవతల ఎక్కడో ఉరిమినట్టయింది. కాసేపటికి గంట మోగింది.

"స్వామీ! తిప్పన్న కళ్ళు తెరిచాడు. నేను కళ్ళారా చూశాను. వీణ్ణి ఇవాళే పంపించేయండి" అన్నాడు రుద్రప్ప.

తిప్పన్న చేతులు జోడించాడు. పెళ్ళాం పోయాక ఈ మఠం తప్ప వాడికి వేరే దిక్కులేదు.

"నిజమే స్వామీ, తెరిచాను. నిప్పులముద్ద స్వామీ... ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయింది. ఆగలేకపోయాను. పొమ్మంటే పోతాను" అంటూ మూట కోసం లేచాడు.

స్వామి చెయ్యెత్తి ఆపాడు.

"నేనూ తెరిచాను" అన్నాడు.

"నేనూ స్వామీ" అన్నారు మిగతా శిష్యులు ఒకరి తర్వాత ఒకరు.

"ఇంత వయసొచ్చింది, అటువంటిది ఎన్నడూ చూడలేదు" అన్నాడు స్వామి. "రుద్రప్పా, సరిగ్గా నీ నెత్తి మీదుగానే పోయింది. దాని తోక ఎంత పొడుగుందంటావ్?"

రుద్రప్ప తలెత్తి చూశాడు. ఎప్పుడూ ఉండే చుక్కలే. ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను... వీడి మొహం చూస్తూ ఉండిపోయాను స్వామీ. ఎట్లా ఉండింది? మీరు చెప్పండి."

స్వామి లేచాడు. తన పీట తీసుకుపోయి తిప్పన్న ఎదురుగా వేశాడు. రుద్రప్పను భుజం పట్టి దాని మీద కూర్చోబెట్టాడు.

"తిప్పన్న చెబుతాడు, విను. వాణ్ణి నువ్వు నమ్మినంతే కనిపిస్తుంది."