మాడు మీద అమ్మ చెయ్యి

ఒకప్పుడు మనుషుల తలకు ఎముక ఉండేది కాదు.

కాళ్లకు ఉంది, చేతులకు ఉంది, చిటికెనవేలి చివరిదాకా ఉంది. తలకు మాత్రం లేదు. పైన జుట్టు, జుట్టు కింద చర్మం, చర్మం కింద మెదడు. తాటిముంజెలా వణుకుతూ ఉండేది.

అందుకని అందరూ ఒక చెయ్యి నెత్తి మీద పెట్టుకునే తిరిగేవారు. ఒంటి చేత్తో నీళ్లు తోడేవారు, ఒంటి చేత్తో వల లాగేవారు. చెట్టు కింద నుంచి వెళ్లాలంటే ముందు ఉడతను అడిగేవారు, ఏమైనా పడేస్తున్నావా అని. లేదంటేనే అడుగు వేసేవారు.

ఏటి ఒడ్డున పైడమ్మ అని ఒక తల్లి ఉండేది. ఆమె కూతురు నూకాలు, మూడేళ్లది. నూకాలుకు నడక రాదు, పరుగే వచ్చు. పరిగెత్తేది, పడేది.

ఒకసారి వెల్లకిలా పడింది. తల వెనక దెబ్బ తగిలింది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ మధ్యాహ్నం దాకా ఏమీ కనబడలేదు. చూపు కళ్లలో ఉంటుందని అందరూ అనుకునేవారు. కాదు, కళ్లు వాకిళ్లు మాత్రమే. చూపు ఇల్లు తల వెనక ఉంది.

ఇంకోసారి ఎడమ పక్కకు పడింది. మాటలన్నీ చెల్లాచెదురయ్యాయి. గేదెను చూపించి "గరిటె" అంది. గరిటెను చూసి ఏడ్చింది. మాట ఎడమ పక్కన కాపురం ఉంటుందని పైడమ్మకు అప్పుడు తెలిసింది.

మెడకు కాస్త పైన తగిలినప్పుడు, రెండు రోజులు పీతలా పక్కకు నడిచింది. నుదుటికి తగిలినప్పుడు మంచీ చెడూ తెలియక, అంబలి కుండలో కాలు పెట్టి కూర్చుంది. పక్కింటి అప్పలకొండ వచ్చి చూసి, "నుదురు బాగున్నప్పుడు మాత్రం పెట్టలేదేటి?" అంది. పైడమ్మ కూడా నవ్వింది. ఏ దెబ్బయినా రెండు రోజులకు తగ్గిపోయేది కాబట్టి నవ్వగలిగింది.

ఒకరోజు నూకాలు చెవి పక్కన తగిలేలా పడింది.

లేచింది. దుమ్ము దులుపుకుంది. పైడమ్మ పరిగెత్తుకెళ్లి ఒంటి చేత్తో ఎత్తుకుంది. నూకాలు ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వెవరు?" అంది.



చెవుల పక్కన, బాగా లోపల, జ్ఞాపకం ఉంటుంది. మూడు రోజులు నూకాలు తల్లిని కొత్త మనిషిని చూసినట్టే చూసింది. అన్నం పెడితే తింది. పక్కన మాత్రం పడుకోలేదు. నాలుగో రోజు పొద్దున లేచి, ఏమీ జరగనట్టు "అమ్మా, ఆకలి" అంది.

పైడమ్మ అన్నం పెట్టింది. చెయ్యి కడిగింది. కూతుర్ని చంకనేసుకుని కొబ్బరిచెట్టు దగ్గరకు వెళ్లింది. మెత్తనిదాన్ని గట్టి చిప్పలో దాచడం ఆ ఒడ్డున దానికే తెలుసు.

చెట్టు ఆకులు ఆడించడం ఆపి మరీ ఆమె మొర విన్నది. చిప్ప ఇస్తానంది. ఉత్త చిప్ప చాలదు, మెదడు చిప్పకు కొట్టుకోకుండా మధ్యలో కాసిని నీళ్లు కూడా పోస్తానంది. ఒక్క సంగతి మాత్రం చెప్పింది. దాని చిప్పకు మూడు కళ్లుంటాయట. రెండు గట్టివి, ఒకటి మెత్తనిది. ఆ మెత్తని కన్ను మూయకూడదట.

"మూసెయ్యక్కా," అంది పైడమ్మ. "ఎక్కడా మెత్తన వద్దు."

"అందులోంచే నా మొక్క వస్తుందే."

"నా పిల్ల నెత్తిన మొక్కలేమీ రానక్కర్లేదు."

చెట్టుకు నవ్వొచ్చింది. కానీ పైడమ్మ పెదాలు అదురుతున్నాయి. చెట్టు నవ్వు ఆపుకుంది. మూడు కళ్లూ మూసిన చిప్ప ఇచ్చింది. నీకో అని అడిగేలోపే పైడమ్మ వెళ్లిపోయింది. ఒక చెయ్యి కూతురి చుట్టూ, ఒక చెయ్యి తన నెత్తి మీద.

చిప్ప నూకాలు చర్మం కింద ఇమిడిపోయింది. అడుగున, వెన్నులోకి దిగే తాడుకు మాత్రం దారి వదిలింది.

నూకాలు పరిగెత్తింది. పడింది. టక్‌మంది. లేచి నవ్వింది. ఆ చప్పుడు బాగుందని ఇంకోసారి కావాలనే పడింది. ఇక దీని నెత్తిన కాయ పడితే కాయకే దెబ్బ అని అప్పలకొండ ఊరంతా చెప్పింది.

వానలు వచ్చి వెళ్లాయి. నూకాలు కాళ్లు పొడుగయ్యాయి, చేతులు పొడుగయ్యాయి. తల మాత్రం అంతే ఉంది. కొత్త పాట నేర్పితే నిలవలేదు. తోటి పిల్లలు చేపల పేర్లు, పిట్టల పేర్లు చెబుతుంటే నూకాలు గడప మీద కూర్చుని వినేది. పరుగు మానేసింది.

ఒకనాడు వచ్చి తల్లి ఒళ్లో తల పెట్టింది.

"అమ్మా, లోపల ఇరుగ్గా ఉంది."

ఏట్లో అందరికంటే పెద్దది తాబేలు తాత. పైడమ్మ అతని దగ్గరకు వెళ్లింది. గుడ్డులోంచి వచ్చినప్పుడు తాను కుంకుడుకాయంత ఉండేవాడినని, ఇప్పుడు చాటంత అయ్యానని తాబేలు చెప్పాడు. డిప్ప మార్చావా తాతా అని అడిగింది. మార్చలేదు, అదే పెరిగిందన్నాడు. వీపు తిప్పి చూపించాడు. డిప్పంతా ఒకటే కాదు, ముక్కలు ముక్కలు. ముక్కకూ ముక్కకూ మధ్య గీతలు. ఆ గీతల దగ్గరే పెరుగుతుందట.

"నీ కూతురి చిప్పకు గీతల్లేవమ్మీ. ముక్కలు చెయ్యాలి."

పైడమ్మ లేచి వచ్చేసింది. అడిగి తెచ్చుకున్నది పగలగొట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

కానీ నూకాలు కొత్త మాటలకు చోటు చెయ్యడానికి పాతవి పారేయడం మొదలుపెట్టింది. ముందు "గరిటె" పోయింది. తర్వాత "గేదె" పోయింది. ఆ తర్వాత ఏది పోతుందో పైడమ్మకు తెలుసు.

మళ్లీ ఏటికి వెళ్లింది. "రాయితో కొట్టనా తాతా?" అంది. 

"రాయెందుకు? ఆముదం లేదూ?" అన్నాడు తాబేలు.

తొమ్మిది రోజులు పైడమ్మ కూతురి తలకు గోరువెచ్చని ఆముదం రాసింది. వేన్నీళ్లు పోసింది. రాసిందంతా ఒంటి చేత్తోనే. తొమ్మిదో రోజు వేళ్ల కింద టిక్ మంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. "బాగుందమ్మా, ఇంకా రాయి," అంది నూకాలు.

చిప్ప ఎనిమిది ముక్కలైంది. నుదుటికి ఒకటి, నడినెత్తికి అటూ ఇటూ రెండు, చెవుల పక్కన రెండు, వెనక ఒకటి. మిగతా రెండూ లోపలెక్కడో దాక్కున్నాయి. కళ్ల వెనక ఉన్నది సీతాకోకచిలుక రెక్కలు చాపినట్టుంది. ముక్కు పైన ఉన్నది చిన్న జల్లెడ. అంచులన్నీ రంపపు పళ్లలా విరిగాయి. ఒకదాని పళ్లు ఇంకోదాని సందుల్లో కూర్చున్నాయి. మెదడు పెరిగితే జరుగుతాయి, దెబ్బ తగిలితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

నడినెత్తిన మాత్రం ముక్కలు కలవలేదు. అక్కడ గాలిపటంలాంటి ఖాళీ మిగిలింది. ఖాళీ మీద ఉత్త చర్మం. చర్మం కింద ఏదో పైకీ కిందకీ కొట్టుకుంటోంది.

ఆ ఖాళీ పూడ్చాలని పైడమ్మ కూతురితో ఏటికి వెళ్లి, బంకమట్టి తీసి ఉండ చేసింది. తాబేలు ఆ ఉండ మీద కాలు పెట్టాడు.

"మొక్క వచ్చే కన్ను అదేనమ్మీ. వదిలెయ్. పిల్లకు చాలినంత చోటయ్యాక అదే మూసుకుంటుంది."

"అందాకా?"

తాబేలు ఆమె నెత్తి మీదున్న చెయ్యి కేసి చూశాడు. 

పైడమ్మ పుట్టిన నాటి నుంచి ఆ చెయ్యి అక్కడే ఉంది. దాన్ని మెల్లగా తీసింది. కూతురి నడినెత్తిన పెట్టింది.

అరచేతి కింద కొట్టుకుంటోంది. తన గుండె కొట్టుకున్నట్టే.

కొబ్బరిచెట్టు ఒడ్డు మీద నుంచి చూసింది. తన మట్ట ఒకటి వంచి, కాపలా లేని పైడమ్మ నెత్తి పైన గొడుగులా పట్టింది.

 నూకాలు కళ్లు మూసుకుని, నాలుక కింద ఏదో వెతుక్కుంటున్నట్టు కూర్చుంది.

"అమ్మా, నీ చెయ్యి వెచ్చగా ఉంది," అంది.

వెచ్చగా. ఆ మాట నూకాలుకు అంతకుముందు రాదు.

అప్పటినుంచే పుట్టే ప్రతి బిడ్డ తలకూ ముక్కల చిప్పే ఉంటుంది, మాడు మెత్తగా ఉండి కొట్టుకుంటుంది. బిడ్డ లేచి నడిచి, పరుగు నేర్చేనాటికి అదే మూసుకుంటుంది. అందాకా అమ్మలు దాని మీద ఆముదం పెట్టి అరచెయ్యి ఆనిస్తారు. మాడు ఎప్పుడో గట్టిపడిపోయినా, పిల్లలు ఎంత పెద్దవాళ్లయినా, పడి లేచి ఇంటికొస్తే అమ్మ చెయ్యి ముందు అక్కడికే వెళ్తుంది.